పాత ఆల్టో హెడ్‌లైట్ల పని: ఎల్ఈడీ పీకేశా, రిలే వేశా, ఇంకా కొంచెం మిగిలింది

బండి 2006 ఆల్టో, నాన్న కొన్నది. 15 ఏళ్ళు నిండాక ఆర్టీఏకి తీసుకెళ్ళి ఇంకో 5 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాం కాబట్టి ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంజన్‌కి ఏ రోగం లేదు, రాత్రిపూట లైట్లు మాత్రం గుళ్ళో దీపాలే. జూన్‌లో యాదగిరిగుట్ట నుంచి వస్తుంటే భువనగిరి దాటాక వాన పట్టుకుంది, రోడ్డు మీద తెల్లగీత కూడా కనపడట్లేదు, ముందు పోతున్న లారీ వెనక ఎర్రలైట్లు చూసుకుంటూ ఘట్‌కేసర్ దాకా నెట్టుకొచ్చాం, అమ్మ వెనక సీట్లో నరసింహస్వామిని వదల్లేదు. ఇంటికొచ్చాక ఇక దీని సంగతి చూడాల్సిందే అనుకున్నా.

మొదట చేసింది శుద్ధ తెలివితక్కువ పని. ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి ఎల్ఈడీ బల్బుల జత తెప్పించి పాత హెచ్4 (మామూలు హాలోజెన్) బల్బులు పీకి అవి పెట్టేశా. సెల్లార్‌లో ఆన్ చేస్తే గోడ తెల్లగా మెరిసిపోయింది, మా బావమరిది అయితే వీడియో కూడా తీశాడు. ఉప్పల్ మెయిన్ రోడ్డెక్కాక ఎదురొచ్చే ప్రతి బైకువాడూ డిప్పర్ కొడుతున్నాడు, నేను డిమ్‌లోనే ఉన్నా. విషయం ఏంటంటే వెనక అద్దం లాంటి ఆ రిఫ్లెక్టర్‌ని హెచ్4 బల్బులో సన్న తీగ సరిగ్గా ఎక్కడుంటుందో ఆ చోటుకి లెక్కేసి చేస్తారు, ఎల్ఈడీలో వెలుగు చిప్ నుంచి వస్తుంది, దాని సైజు వేరే, అది ఉండే చోటు వేరే, అందుకే వెలుగు రోడ్డు మీద పడకుండా పైకి, పక్కలకి చెదిరి ఎదుటోడి కళ్ళల్లో పడుతుంది. పైగా వానలో తెల్ల లైటుకి నాకే ఏం కనపడలేదు. నాలుగు రోజులకి పీకి డబ్బాలో పెట్టేశా, ఎవరికీ అమ్మను కూడా.

అప్పుడు బుద్ధొచ్చి మల్టీమీటర్ తీశా. ఇంజన్ ఆన్, లైట్లు డిమ్‌లో. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. హోల్డర్ వెనక నుంచి పిన్నులు గుచ్చి బల్బు దగ్గర చూస్తే 12.1. మధ్యలో 1.7 ఎక్కడో పోతోంది. 1.7 ఎంత అనుకోవద్దు, హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, సుమారు 3.4 ఘాతంతో తగ్గుతుంది, అంటే 13.8 దగ్గర 100 వెలుగు ఉంటే 12.1 దగ్గర 64 వస్తుంది. మూడో వంతు వెలుగు వైర్లలోనే మాయం. కారణం ఏం పెద్దది కాదు, ఈ బండిలో లైట్లకి వెళ్ళే కరెంటు మొత్తం సన్నటి వైర్లలో స్టీరింగ్ పక్కన స్విచ్ దాకా తిరిగి వస్తుంది, ఇన్నేళ్ళకి ఆ కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. దీనికి మందు రిలే, అంటే పాత స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పనిచేసి, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు పంపే ఇంకో స్విచ్.

లైట్ల ముందుండే ప్లాస్టిక్ అద్దాల సంగతి వేరే. పైన పసుపు పొర. టూత్‌పేస్ట్ రుద్దమని అందరూ చెప్తారు, నేనూ రుద్దా, బండికి పుదీనా వాసన వచ్చింది, అంతే. తర్వాత పద్ధతిగా చేశా. చుట్టూ పెయింట్‌కి మాస్కింగ్ టేప్ రెండు వరసలు, 800 వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నన), తర్వాత 1500, 2000, 3000. ప్రతి పేపర్‌కీ నీళ్ళు పోస్తూనే ఉండాలి. 800తో రుద్దేటప్పుడు మొదట్లో నీళ్ళు పసుపు కలిపిన మజ్జిగలా కారతాయి, అవి తెల్లటి మజ్జిగలా మారేదాకా ఆపొద్దు, ఆ పసుపంతా చచ్చిపోయిన పాత కోటింగ్. ఈ దశలో అద్దం పూర్తిగా పొగమంచులా అయిపోతుంది, నాకు గుండె జారింది, భయపడకండి, 3000 అయ్యాక రబ్బింగ్ కాంపౌండ్ వేసి డ్రిల్లుకి ఫోమ్ ప్యాడ్ తగిలించి తిప్పితే తేటగా వచ్చేస్తుంది. ఒక్కో లైటుకి గంటన్నర పట్టింది, భుజం రెండ్రోజులు లేవలేదు.

ఇక్కడితో ఆపితే మాత్రం మన ఎండకి కొన్ని నెలల్లోనే మళ్ళీ పసుపు, ఎందుకంటే ఎండ తట్టుకోడానికి కంపెనీ వేసిన యూవీ పొర మనమే గీకేశాం కదా. అందుకే 2కే (రెండు మందులు కలిసి గట్టిపడే) క్లియర్ స్ప్రే కొట్టా. డబ్బా కింద బటన్ నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది, కలిశాక దాచుకోడానికి లేదు, ఒకట్రెండు రోజుల్లో లోపలే గట్టిపడిపోతుంది కాబట్టి రెండు లైట్లూ ఒకేసారి అయిపోవాలి. ఆ మందు ఊపిరితిత్తులకి మంచిది కాదు, సెల్లార్‌లో కొట్టొద్దు, నేను బండిని బయటికి తోసి సరైన మాస్క్ పెట్టుకుని కొట్టా. కుడి లైటు తడిగా ఉండగానే ఒక దోమ వచ్చి వాలింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

వైరింగ్ సామాన్లకి శనివారమే రాణిగంజ్ వెళ్ళొచ్చా, మర్నాడు సికింద్రాబాద్ బోనాలు, అటు పోవడం కుదరదు. నాలుగు రోజుల ముందు చూసిన ఇంకో షాపులో ఆయన "హండ్రెడ్ నైంటీ ఏస్కోండి సార్, రోడ్ మొత్తం పగలే" అని తెగ ఊరించాడు. అంటే 100/90 వాట్ల బల్బులు. వద్దన్నా. 60/55 వాట్లకి (హైలో 60, డిమ్‌లో 55) చేసిన హోల్డర్, రిఫ్లెక్టర్ ఆ వేడికి కరుగుతాయి, రోడ్డు మీద ఆ బల్బులు లీగల్ కూడా కాదు. తీసుకున్నవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు రెండు, సిరామిక్ హెచ్4 హోల్డర్లు రెండు, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఎరుపు, నలుపు, ఫ్యూజ్ హోల్డర్లు రెండు, 15 ఆంపియర్ల ఫ్యూజులు, స్లీవ్, ఫ్లెక్సిబుల్ పైపు, మంచి కంపెనీ మామూలు 60/55 బల్బులు. అన్నీ కలిపి 1,650 అయ్యింది, ఎల్ఈడీ కన్నా తక్కువే.

లెక్క సింపుల్. డిమ్‌లో రెండు బల్బులు 110 వాట్లు, అంటే 8 ఆంపియర్లు, హైలో 9 దాకా, కాబట్టి ఒక్కోదానికి 15 ఫ్యూజ్ సరిపోతుంది. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, దూరంగా పెడితే మధ్యలో వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయినా ఫ్యూజ్ పోదు. బ్యాటరీ ప్లస్ ఫ్యూజ్ మీదుగా రిలే 30 నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బులకి, నల్లవైరు బాడీ ఎర్త్‌కి, ఆ ఎర్త్ బోల్టు కింద పెయింట్, తుప్పు గీకేసి మరీ బిగించా. రిలేని ఆన్ చేసే కాయిల్ పిన్నులు 85, 86 కి మాత్రం ఒకటి బాడీకి కొట్టకుండా రెండు వైర్లూ పాత హోల్డర్ లోంచే తీసుకున్నా, కామన్ ఒకటి, డిమ్ ఒకటి (రెండో రిలేకి కామన్, హై), ఎందుకంటే కొన్ని బళ్ళల్లో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, ఇలా తీస్తే ఎటువైపు ఉన్నా నడుస్తుంది.

అంతా బిగించి బ్యాటరీ తగిలించి చేతులు కడుక్కుంటుంటే వాచ్‌మన్ వచ్చి "సార్, తాళం తీసినంక గూడ లైట్లు ఎలుగుతున్నయ్" అన్నాడు. చూస్తే నిజమే. స్విచ్ ఆన్ చేస్తే డిమ్ ఆరిపోతోంది, ఆఫ్ చేస్తే వెలుగుతోంది! అరగంట జుట్టు పీక్కున్నాక తెలిసింది, షాపువాడు ఇచ్చిన వాటిలో ఒక రిలేకి ఐదు పిన్నులు, మధ్యలోది 87ఎ, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు 30తో కలిసి ఉండేది అదే, నేను ఆ చీకట్లో 87 అనుకుని దానికి తగిలించా. వైరు ఒక పిన్ను పక్కకి మార్చితే అయిపోయింది. వాచ్‌మన్ ఇప్పుడు నేను బానెట్ ఎత్తినప్పుడల్లా వచ్చి నిలబడుతున్నాడు.

మళ్ళీ మీటర్ పెడితే బల్బు దగ్గర 13.3. పైన చెప్పిన లెక్కలో 64 కాస్తా 88 అయ్యింది, బల్బు అదే 55 వాట్లు. అన్నట్టు బల్బు గాజు వేలితో ముట్టొద్దు, వేలి జిడ్డు అంటుకున్న చోట వేడెక్కి గాజు దెబ్బతింటుంది.

చివరిది అలైన్‌మెంట్, చాలామంది వదిలేసేది. టైర్లలో గాలి సరి చూసి, గోడకి 7.5 మీటర్ల దూరంలో బండి ఆపి, డ్రైవర్ సీట్లో 26 కేజీల బియ్యం బస్తాలు మూడు పెట్టా (బావమరిది ఆ రోజు రాలేదు). నేల నుంచి బల్బు మధ్య దాకా కొలిచి గోడ మీద టేప్ అంటించి, డిమ్ వెలుగు పై అంచు గీత దానికి 7.5 సెంటీమీటర్లు కిందకి వచ్చేలా వెనక స్క్రూలు తిప్పా, అంటే ఒక శాతం దిగువకి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ పక్కకి పైకి లేవాలి, కుడి పక్క చదునుగా ఉండాలి. నా ఎడమ లైటు ఇన్నేళ్ళూ చెట్ల మీదకి కొడుతోందని అప్పుడు తెలిసింది.

మొన్న రాత్రి అదే భువనగిరి రోడ్డు మీద వెళ్ళొచ్చా. వాన లేదు కాబట్టి అసలు పరీక్ష ఇంకా కాలేదు, గుంతలు మాత్రం ముందే కనపడ్డాయి, ఎవరూ డిప్పర్ కొట్టలేదు. ఇక మిగిలింది ఎడమ లైటు వెనక రబ్బరు బూటు (బల్బు వెనక తొడుగు), చిరిగిపోయి లోపలికి తేమ పడుతోంది, పాత మోడల్‌ది దొరకట్లేదు, ఈ ఆదివారం పుత్లీబౌలిలో అడిగి చూస్తా, లేకపోతే సైకిల్ ట్యూబు కోసి కట్టడమే.