లిస్వా హెల్మెట్‌ని గుంటూరు తెచ్చుకోవడానికి పడ్డ పాట్లు

మొత్తానికి హెల్మెట్ ఇంటికొచ్చింది. మొన్న రాత్రి శంషాబాద్‌లో దిగి, నిన్న పొద్దున్నకి గుంటూరు చేరి, బ్యాగు విప్పగానే ముందు చూసుకుంది దాన్నే. రష్యాలోని వోల్గోగ్రాడ్‌లో ఎంబీబీఎస్ అయిపోయి తిరిగొస్తూ నేను తెచ్చుకున్నవాటిలో డిగ్రీ కాగితాల తర్వాత నాకు ముఖ్యమైనవి మూడే: రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం వాడిన, లిస్వా అనే ఊళ్లో తయారైన, 1943 ముద్ర ఉన్న ఎస్‌ఎస్‌హెచ్-40 ఉక్కు హెల్మెట్, సైనికులు ఒక పక్కకి వాల్చి పెట్టుకునే గుడ్డ టోపీ పిలోత్కా, చెవులు కప్పే చలి టోపీ ఉషాంకా. ఫైనల్ ఎగ్జామ్స్‌కి కూడా పడనంత టెన్షన్ ఈ మూడింటినీ రష్యా దాటించడానికి కావలసిన ఒక్క కాగితం కోసం పడ్డాను. అక్కడున్న జూనియర్లు "అన్నా, ఎలా తెచ్చావ్, మేమూ తెచ్చుకోవచ్చా" అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఈ పిచ్చి ఎక్కడిదంటే ఇంట్లోంచే. నాన్న కాలేజీ రోజుల్లో విశాలాంధ్ర బుక్ హౌస్‌లో కొన్న సోవియట్ పుస్తకాలు మా అటక మీద కట్టలుగా ఉండేవి. నేను చదువుకోవడానికి వెళ్లిన వోల్గోగ్రాడ్ అంటే అప్పటి స్టాలిన్‌గ్రాడ్. 1942 జూలై 17 నుంచి 1943 ఫిబ్రవరి 2 దాకా యుద్ధం జరిగిన ఊరు. మమాయెవ్ కుర్గాన్ గుట్ట మీద కత్తెత్తి నిలబడ్డ 85 మీటర్ల మాతృభూమి విగ్రహం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మొదటి ఏడాది అక్కడి మ్యూజియంలో చిల్లులు పడ్డ హెల్మెట్లు చూశాక నాకు మిగతా ఏవీ కనిపించలేదు. మిగతావాళ్లు సెలవుల్లో ఊళ్లు తిరిగితే నేను ఆదివారం పాత సామాన్ల సంతలో తిరిగేవాణ్ణి.

ఇప్పుడు ఎవరైనా ఒక సోవియట్ హెల్మెట్ నా చేతికిస్తే నిమిషంలో చెప్పేస్తాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే కష్టపడి నేర్చుకున్నా. చెవుల దగ్గర వెడల్పుగా విచ్చుకుని, నడినెత్తిన చిన్న దువ్వెనలాంటి మూత ఉంటే అది 1936 మోడల్, ఎస్‌ఎస్‌హెచ్-36. స్పెయిన్‌లో, మంగోలియాలోని ఖల్ఖిన్ గోల్ దగ్గర, ఫిన్లాండ్ మంచులో కనిపించింది అదే. తర్వాత 1939 మోడల్ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, రివెట్లు మూడే. దాన్నే కొద్దిగా మార్చిన 1940 మోడల్‌కి అంచుకి దగ్గరగా చుట్టూ ఆరు రివెట్లు. లోపల దూది కుక్కిన మూడు మెత్తలు, వాటిని నెత్తికి సరిపడా బిగించుకునే తాడు. వెనక భాగంలో లోపలి వైపు ఇంకు ముద్ర. లిస్వా ఫ్యాక్టరీదైతే "ఎల్ఎంజెడ్" అని రష్యన్‌లో ఉంటుంది, సంవత్సరం, సైజు కూడా. స్టాలిన్‌గ్రాడ్‌లోని క్రాస్నీ ఒక్త్యాబ్ర్ ఫ్యాక్టరీ కూడా యుద్ధానికి ముందు వీటిని చేసేది. ఆ ఫ్యాక్టరీ ఆవరణే యుద్ధభూమి అయిపోయాక ఉరల్ పర్వతాల దగ్గరున్న లిస్వా మీదే భారమంతా పడింది. ఆ చిన్న ఊరు యుద్ధకాలంలో కోటికి పైగా హెల్మెట్లు చేసింది. కోటి!

సంతలో మోసాలు మామూలుగా ఉండవు. హంగరీ, పోలెండ్ సైన్యాలు యుద్ధం తర్వాత ఇదే ఆకారంలో చేయించుకున్న హెల్మెట్లని స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం నాటివని చెప్పి అమ్ముతారు. లోపలి తోలు, గడ్డం పట్టీ చూస్తే దొరికిపోతారు. 1960లో వచ్చిన ఎస్‌ఎస్‌హెచ్-60కి పైన డొప్ప దాదాపు అదే, లోపల మెత్తలు మాత్రం నాలుగు. నుదుటి మీద ఎర్ర నక్షత్రం నిగనిగలాడుతుంటే అది టూరిస్టుల కోసం నిన్నో మొన్నో వేసింది, ఆ దుకాణం ముందు ఆగకండి. ఉషాంకాలైతే టూరిస్టు దుకాణాల్లో వేలాడేవన్నీ యుద్ధం అయిన ఎన్నో ఏళ్లకి కుట్టినవే. ఉషాంకా సైన్యంలోకి వచ్చింది 1940లో. అంతకుముందున్న మొన తేలిన ఉన్ని టోపీ బుద్యోనోవ్కా ఫిన్లాండ్ చలికి ఆగలేదని దీన్ని తెచ్చారు. సామాన్య సైనికుడి ఉషాంకాకి అసలు బొచ్చు ఉండదు, గుడ్డ మీద నేసిన నూగు ఉంటుంది, దాన్ని వాళ్లు నవ్వుతూ "చేప బొచ్చు" అనేవాళ్లు. నా దగ్గరున్నది అదే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మట్టిలోంచి తవ్వి తీసిన హెల్మెట్లు కొనకండి. తుప్పు పట్టి, చిల్లులు పడి, ఫొటోకి బావుంటాయి, చవగ్గా కూడా ఇస్తారు. కానీ వోల్గా ఒడ్డున మైదానాల్లో హెల్మెట్ దొరికిన చోట చాలాసార్లు మనిషి కూడా ఉంటాడు. అనుమతి తీసుకుని, ఎముకల్ని లెక్కగా వెలికితీసి, నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) గొట్టంలో చుట్టిపెట్టిన సైనికుడి పేరు కాగితం కోసం వెతికి, ఇంటివాళ్లకి కబురు పంపి, సైనిక గౌరవంతో పాతిపెట్టే స్వచ్ఛంద దళాలు ఉన్నాయి. ఏటా వసంతంలో "వాఖ్తా పామ్యతి" (జ్ఞాపకాల కాపలా) పేరుతో వెళ్తారు. రాత్రిపూట మెటల్ డిటెక్టర్ పట్టుకుని దొంగతనంగా తవ్వేవాడు ఎముకల్ని పక్కకి నెట్టి ఇనుము పట్టుకుపోతాడు. దాంతో ఆ మనిషి పేరు ఎప్పటికీ తెలియదు. అలాంటి వస్తువుని షోకేసులో పెట్టుకునేవాణ్ణి నేను కలెక్టర్ అనను.

నా హెల్మెట్ ట్రామ్ డ్రైవర్‌గా రిటైరైన ఒక తాత దగ్గర కొన్నాను. ఆయన తోట ఇంటి షెడ్డులో మేకుకి తగిలించి ఉండేదట, అందులో వాళ్ల నాన్న మేకులు, మరలు పోసుకునేవాడట. యుద్ధం అయ్యాక పల్లెల్లో వీటిని ఇలాగే వాడేశారు, కోళ్లకి గింజలు కూడా వీటితోనే కొలిచేవాళ్లు. నా దాంట్లో మెత్తల మీద రెక్సిన్ పగిలి బూడిద రంగు దూది బయటికొచ్చింది, నడి మధ్యలో మేకుల తుప్పు మరక ఉంది, గడ్డం పట్టీ లోపలి వైపు తడి తగిలితే ఊదాగా మారే పాతకాలం పెన్సిల్‌తో రాసిన రెండక్షరాలు మిగిలాయి. ఎవరివో కనుక్కుందామని రష్యా రక్షణ శాఖ పెట్టిన మృతుల జాబితాలో కూడా వెతికాను. రెండక్షరాలతో లక్షల మందిలో ఎవరిని పట్టుకుంటాం! తాత బేరం కూడా ఆడలేదు. "తీసుకో సినోక్ (నాయనా), మా మనవలకి అక్కర్లేదు" అన్నాడు. నేను అడిగితే ఎక్కడిదో, ఎవరిదో తన చేత్తో రాసి సంతకం చేసిచ్చాడు. ఆ చీటీయే తర్వాత నన్ను కాపాడింది. ఎవరి దగ్గర కొన్నా ఇలా రాయించుకోండి.

ఇక ఆ కాగితం ఇచ్చే ఆఫీసు దగ్గరికొస్తా.

రష్యాలో 50 ఏళ్లు దాటిన వస్తువుని దేశం దాటించాలంటే, అది సాంస్కృతిక సంపదా కాదా అని సంస్కృతి మంత్రిత్వశాఖ గుర్తించిన నిపుణుడు చూసి కాగితం ఇవ్వాలి. నాకు చెప్పింది అదే, అడిగింది కూడా అదే. మా స్టూడెంట్ల పనులు చూసే ఏజెంట్ ఒకడు "నాకివ్వు, నేను చేయిస్తా" అని నా టికెట్ ఖర్చులో సగం అడిగాడు. బయటి దేశాల వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి పనిచేయని దేశంలో, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడమే పెద్ద పనైన స్టూడెంట్ల దగ్గర ఇలా గుంజుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏజెంట్ల దగ్గరికి పోకండి. మీకు రష్యన్ వస్తే మీరే వెళ్లండి.

నేనే వెళ్లాను. పాస్‌పోర్ట్ రష్యన్ అనువాదం, నోటరీ, రిజిస్ట్రేషన్ కాగితం అన్నీ సరిపోయాయి. ఫొటోల్లో పక్కన స్కేలు పెట్టలేదని వెనక్కి పంపారు, మళ్లీ తీశాను, అది పెద్ద విషయం కాదు. దరఖాస్తులో వస్తువు వివరం రాయమన్న చోట నేను ఒళ్లు దగ్గరపెట్టుకుని రష్యన్‌లో ఒక పేజీ రాశాను. ఏ ఫ్యాక్టరీ, ఏ ఏడాది, రివెట్లు, మెత్తలు, పట్టీ మీద అక్షరాలు, షెడ్డులో ఎలా ఉండేది, అన్నీ. కౌంటర్ దగ్గరున్న ఆవిడ దాన్ని పైకి, అందరికీ వినపడేలా చదివింది. చదివి, "కుర్రాడా, ఇంత గొప్ప వస్తువైతే ఇది రష్యాలోనే ఉంటుంది. నీకెందుకు మా చరిత్ర?" అంది. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. తర్వాత అడిగింది చూడండి: "ఎక్కడ తవ్వావు? ఎముకలు కూడా ఉన్నాయా బ్యాగులో?"

చవగ్గా వస్తున్నా తవ్విన వస్తువు ముట్టుకోకుండా ఇన్నేళ్లు ఉన్నవాణ్ణి నేను. తాత రాసిన చీటీ చూపించాను, చదవలేదు. గార్డుని పిలిచింది. బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులతో, కారిడార్ మధ్యలో, నా సూట్‌కేసు నేల మీద విప్పించారు. నా బనియన్లు, మా అమ్మ పంపిన పచ్చడి సీసా, ఉషాంకా, అన్నీ బయట పరిచారు. అంతవరకూ ఓర్చుకున్నా. ఆ గార్డు హెల్మెట్ తీసి తన నెత్తిన పెట్టుకుని, సెల్యూట్ కొడుతూ నిలబడితే పక్కవాడు ఫోన్‌లో ఫొటో తీశాడు. పగిలిన మెత్తలోంచి దూది రాలి నేల మీద పడింది. "ఇచ్చేయండి" అన్నాను, గొంతు వణికింది. ఇంకోసారి గట్టిగా అన్నాను. వాళ్ల ఊరి కోసం చచ్చిపోయినవాడి టోపీయో ఏమో అది, దాన్ని పెట్టుకుని వాళ్లే వెకిలి వేషాలు వేస్తుంటే ఇండియా నుంచి వచ్చినవాడు అడ్డం పడాల్సి వచ్చింది. ఆ దూది ఏరి జేబులో వేసుకుని ఆ రోజుకి బయటికొచ్చేశాను. హాస్టల్లో మా ఖమ్మం ఫ్రెండు "వదిలేయ్ మామా, అమ్మేసి టికెట్ కొనుక్కో" అన్నాడు. వాడితో ఆ రాత్రి మాట్లాడలేదు.

నిపుణురాలి దగ్గరికి చేరేసరికి నాకు ఆశ లేదు. మ్యూజియంలో పనిచేసే పెద్దావిడ. తెల్ల కాటన్ గ్లవ్స్ వేసుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, హెల్మెట్ తిప్పి దీపం కింద ముద్ర చూసింది. నేను చెప్పకముందే సైజు చెప్పింది. పిలోత్కా లోపలి ముద్ర చూసింది, ఉషాంకా నూగుని వేలితో రుద్దింది. తాత చీటీ మొత్తం చదివింది. ఆవిడ కూడా అదే అడిగింది, నీకెందుకు ఇదంతా అని, కానీ తెలుసుకోవాలని అడిగింది. నేను యుద్ధకాలంలో ఇరాన్ మీదుగా సోవియట్ యూనియన్‌కి సామాన్లు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (బ్రిటిష్ ఇండియా సైన్యంలో సరఫరా, రవాణా విభాగం) గురించి చెప్పాను. ఆ పనికి సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ అనే ఇద్దరికి 1944లో సోవియట్ ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ ద రెడ్ స్టార్ అనే సైనిక పురస్కారం ఇచ్చింది. ఆ పేర్లు కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను.

తర్వాత నా దరఖాస్తు తీసి మొత్తం కొట్టేసింది. "హెల్మెట్, ఉక్కు, భారీ సంఖ్యలో ఉత్పత్తి అయినది, వాడినది, మెత్తలు పాడైనవి. ఇంతే రాయి" అంది. లిస్వా ఒక్కటే కోటికి పైగా చేసింది, మ్యూజియంలకి దీని అవసరం లేదు, ఇది అరుదైనదని నువ్వే రాసుకుంటే నేను పంపించలేను, అని విడమర్చి చెప్పింది. అంటే ఇన్నేళ్లు ఇది అసలైనది, విలువైనది అని రుజువులు కూడబెట్టిన నేనే, ఇది విలువ లేనిది అని నా చేత్తో రాసి సంతకం పెట్టాలి. పెన్ను కదల్లేదు కాసేపు. ఆవిడ న్యాయంగానే చేసింది, నాకు ఆవిడ మీద కోపం లేదు. ఆ నిబంధన మీద మాత్రం ఉంది. కోటి చేశారంటే కోటి తలల మీద పెట్టారని. ఆ తలల్లో ఇంటికి రానివి ఎన్నో మమాయెవ్ కుర్గాన్ మీద గోడల నిండా ఉన్న పేర్లు చూస్తే తెలుస్తుంది. అరుదైతేనే విలువ అనే లెక్క వజ్రాలకి పెట్టుకోమనండి.

రాశాను. "సాంస్కృతిక విలువ గల వస్తువు కాదు" అని మూడింటికీ కలిపి ఒక కాగితం ఇచ్చారు, ఫొటోలు అంటించి, ముద్ర వేసి. కౌంటర్ దగ్గరావిడ ఆ కాగితం ఇస్తూ నా మొహం కూడా చూడలేదు.

మాస్కో ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ ఆయన కాగితం చూసి, హెల్మెట్ చూసి, పొమ్మన్నాడు. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర ఆపి "ఏంటి బాబూ ఇది, బైక్ హెల్మెట్టా?" అని అడిగారు, పాత మిలిటరీది సార్ అంటే తట్టి చూసి "మంచి ఉక్కే" అని వదిలేశారు.

వెళ్లబోయేవాళ్లకి: వస్తువుని చెకిన్ బ్యాగులో వేయకండి, ముద్ర ఉన్న వైపు రాపిడికి పోతుంది. కాగితం ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్‌లు చూపించండి. దరఖాస్తులో నాలుగు ముక్కలే రాయండి, మీకు తెలిసిందంతా వేరే నోట్‌బుక్‌లో రాసుకోండి, నేనూ ఆ కొట్టేసిన పేజీ దాచుకున్నా. పచ్చడి సీసా విడిగా పెట్టుకోండి. హెల్మెట్‌కి కొత్త రంగు, వార్నిష్ ఏదీ పూయకండి, నాన్న కూడా నిన్న సాయంత్రం ఎమరీ పేపర్ తీసుకొచ్చాడు, ఆపేశాను. ఉషాంకాకి మన ఉక్కపోతలో పురుగు పడుతుంది, గుడ్డలో చుట్టి కలరా ఉండలు పెట్టా. రాలిన దూదిని మళ్లీ మెత్తలోకి కుక్కాను. ఇక ఎస్‌ఎస్‌హెచ్-36 ఒకటి దొరకాలి. తాతకి ఫోన్ చేశాను, వాళ్ల వీధిలో ఒకాయన దగ్గర ఉందట, అడిగి చెప్తానన్నాడు.