వాషర్ దొరికాకే సెల్ఫ్ కొట్టాను

పొద్దున ఆరింటికే లారీ బానెట్ ఎత్తాను. రాత్రంతా ఆగి ఉంది కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరానికి, వెళ్ళే రబ్బరు హోస్ బాగా మెత్తబడిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గట్టిగా గాలి లాగితే లోపలికి నొక్కుకుపోతోంది. దాని బదులు గట్టి సిలికాన్ పైపు వేయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను.

డబ్బా కూడా పీకేసి, బయటికి కనిపించే ఫిల్టర్ పెట్టుకోమని చాలామంది చెప్పారు. శబ్దం బాగుంటుంది, నిజమే. కానీ అప్పుడు ఇంజన్ పీల్చేది బానెట్ కింద కాగిన గాలి. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. డబ్బా బయటి నుంచి చల్లగాలి తెస్తోంది, ఇక దాన్నెందుకు తీయాలి? దాని జోలికి పోలేదు. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి తెచ్చే బ్రీదర్ గొట్టం తగిలించడానికి కొత్త పైపుకి చోటు ఉందో లేదో మాత్రం కొనేముందే చూసుకున్నాను.

బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను. గాలి కొలిచే సెన్సర్‌ని, లోపలి సన్న తీగకు వేలు తగలకుండా, విప్పి పక్కన పెట్టాను. పాత హోస్ ఊడిరాగానే టర్బో మూతికి శుభ్రమైన గుడ్డ కట్టాను. నిమిషానికి 1,00,000 చుట్ల దాకా తిరిగే చక్రం అది. చిన్న ఇసుక రేణువు పడ్డా దాని రెక్కలు అరుగుతాయి.

పైపు కూర్చుంది, క్లాంపులు బిగించాను. తీరా చూస్తే ట్రేలో ఒక వాషర్ తక్కువ. నేను విప్పిన బ్రాకెట్‌కి నాలుగు బోల్టులు, నాలుగు వాషర్లు. ట్రేలో మూడే ఉన్నాయి.

గుండె ఝల్లుమంది. నేల మీద వెతికాను, ఛాసిస్ మీద టార్చి వేసి చూశాను, సందుల్లో అయస్కాంతం తిప్పాను. ఎక్కడా లేదు. బయటే ఎక్కడో పడి ఉంటుందిలే అనుకుని సెల్ఫ్ కొట్టేయాలని ఒక్క క్షణం అనిపించింది. మనసు ఒప్పలేదు. బిగించినవన్నీ మళ్ళీ విప్పాను. గంటన్నర పట్టింది. చివరికి ఫిల్టర్ డబ్బాలో, ఫిల్టర్ దాటాక గాలి టర్బో వైపు మళ్ళే మూలలో కనిపించింది. అక్కడి నుంచి టర్బో దాకా దాన్ని ఆపేది ఇంకేమీ లేదు. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

అన్నీ మళ్ళీ బిగించి, టర్బో మూతికి కట్టిన గుడ్డ తీశానని రెండుసార్లు చూసుకుని స్టార్ట్ చేశాను. ఇంజన్ సాఫీగా తిరిగింది. అయినా పూర్తి ధైర్యం రాలేదు. టర్బోకి ముందున్న పైపులో లీకు ఉంటే బుస్సుమనే చప్పుడు వినిపించకపోవచ్చు, దుమ్ము మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. నాలుగు రోజులు తిరిగాక పైపు విప్పి లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకి మట్టి అంటితే మళ్ళీ మొదటి క్లాంపు దగ్గర్నుంచి వెతకాల్సిందే.