రోగం లేని మనిషి ఆ మాత్ర ఎందుకు మింగాలి?

గోదావరి జిల్లాల్లోనూ, ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లోనూ బోదకాలు గురించి ఆరోగ్య ప్రసంగం చేయడానికి వెళ్ళిన ప్రతి వైద్యుడికీ ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "నా కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి కదండీ, జ్వరమైనా లేదు, మరి ఇన్ని మాత్రలు నన్నెందుకు మింగమంటున్నారు?" అని సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. దీన్ని మొండితనంగా భావించే ఆరోగ్య సిబ్బందిని నేను చూశాను గానీ, నా దృష్టిలో ఆ సభలో అడగదగిన ప్రశ్నలన్నిటిలోకీ తెలివైనది ఇదే. డాక్టరు చెప్పకుండా మందు వేసుకోవద్దని, జబ్బు లేకుండా మాత్ర ముట్టుకోవద్దని సంవత్సరమంతా చెప్పేది మనమే. తీరా ఏడాదికొక రోజున బోదకాలు నిర్మూలన పేరుతో ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఏ జబ్బూ లేని మనిషిని మాత్రలు మింగమనేదీ మనమే. ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుందో వివరించని ప్రసంగం ఎంతసేపు సాగినా ప్రయోజనం లేదు.

నేను వైద్య కళాశాలలో ప్రజారోగ్యం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత పాఠశాలల్లోనూ, గ్రామసభల్లోనూ, డ్వాక్రా సంఘాల సమావేశాల్లోనూ సాధారణ వ్యాధుల గురించి, వాటికి నేడున్న చికిత్సల గురించి మాట్లాడుతున్నాను. బీపీ గురించో, షుగరు గురించో చెప్పినప్పుడు జనం తమ కోసం వింటారు. బోదకాలు విషయం అటువంటిది కాదు, ఇక్కడ ఒకరు మింగిన మాత్ర వల్ల మేలు పొందేది ఊరంతా. అందుకే దీని గురించి చెప్పేటప్పుడు కారణాలు పూర్తిగా చెప్పి తీరాలి.

ఈ వ్యాధికి మూలం ఫైలేరియా పురుగు. పెరిగిన ఆడ పురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది అందులో సగం. రెండూ దారప్పోగుల్లా పెనవేసుకుని మన శరీరంలోని శోషరస నాళాల్లో కాపురముంటాయి. కణజాలంలో మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చడం, సూక్ష్మక్రిములతో పోరాడటం ఆ నాళాల పని. ఈ పురుగులు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి, అన్నాళ్ళూ లక్షల కొద్దీ సూక్ష్మమైన పిల్లలను కంటాయి. ఆ పిల్లలు రాత్రివేళ రక్తంలో పైకి వచ్చి తిరుగుతుంటే, అదే వేళకు క్యూలెక్స్ దోమ కుడుతుంది. దోమ కడుపులో చేరిన పిల్లలు పది, పద్నాలుగు రోజుల్లో మరో మనిషికి సోకే దశకు ఎదుగుతాయి. ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు చర్మం మీద పడి, కుట్టిన గాయం గుండా లోపలికి దిగుతాయి.

రాత్రి తిరుగుతాయన్న మాట వినగానే సభలో పెద్దవాళ్ళకు ఒక పాత సంగతి గుర్తుకు వస్తుంది. వారి చిన్నతనంలో ఆరోగ్య శాఖ వాళ్ళు పొద్దుపోయాక లాంతర్లతో ఇంటింటికీ వచ్చి, వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునేవారు. పగటిపూట తీస్తే ఆ చుక్కలో ఏమీ కనిపించదు కాబట్టే అంత రాత్రివేళ వచ్చేవారు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు, రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఈ పిల్లలు ఎదగడాన్ని 1877లో గమనించాడు. రోగాన్ని మోసే పాత్ర దోమకు ఉండవచ్చునన్న ఆలోచన అక్కడే నాటుకుంది. ఇరవై ఏళ్ళ తరువాత, అదే మాన్సన్ ప్రోత్సాహంతో పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఈ కథను నేను పాఠశాలల్లో తప్పకుండా చెబుతాను, ఎందుకంటే రాస్ పనిచేసిన బేగంపేట పేరు వినగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ పురుగు ఒంట్లో ఉన్నవారిలో చాలామందికి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు. కాలు వాయదు, జ్వరం రాదు, పొలం పనులు యథావిధిగా సాగుతుంటాయి. అయినా వారి రక్తంలో పిల్లలు తిరుగుతూనే ఉంటాయి, దోమలు తీసుకుపోతూనే ఉంటాయి. ఎన్నో ఏళ్ళ క్రితం కాలు వాచిపోయిన మనిషి రక్తంలోనేమో చాలాసార్లు పిల్లలే కనిపించవు. అంటే ఊళ్ళో వ్యాధిని వ్యాపింపజేస్తున్నది మనం వేలెత్తి చూపించే బోదకాలు మనిషి కాకపోవచ్చు, సన్నని కాళ్ళతో సభలో కూర్చున్న మనలో ఒకరే కావచ్చు. ఎవరన్నది ముఖం చూసి చెప్పలేం. ఊరందరికీ రాత్రి రక్తపరీక్ష చేసి పట్టుకోవాలంటే ఎంత సిబ్బంది ఉన్నా చాలదు. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం కొన్ని దశాబ్దాల పాటు ఎక్కువగా పట్టణాల్లోనే, రోగవాహకులను వెతికి మందివ్వడం, దోమ పిల్లలను చంపడం అనే పద్ధతిలో నడిచింది. ఆ పద్ధతి ఊళ్ళకు చేరలేకపోయింది. అందుకనే 2004 నుంచి దేశంలో వ్యాధి ఉన్న జిల్లాల్లో అర్హులైన వారందరికీ ఏడాదికి ఒకసారి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు మింగించే విధానం వచ్చింది.

ఒకసారి మింగితే ఎందుకు సరిపోదన్నది దీనికి కొనసాగింపుగా వచ్చే సందేహం. మందు రక్తంలోని పిల్లలను బాగా చంపుతుంది గానీ, తల్లి పురుగుల మీద దాని ప్రభావం పాక్షికమే. బతికిన తల్లి మళ్ళీ కంటుంది. కనుక ఆ పురుగుల ఆయుష్షులో ఎక్కువ భాగం గడిచేవరకు, కనీసం ఐదేళ్ళ పాటు, ఏటా రక్తంలోని పిల్లలను ఊడ్చివేస్తూ పోవాలి. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ప్రతి ఏటా మింగితేనే ఫలితం వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇక్కడ మింగడం వేరు, తీసుకోవడం వేరు. ఆశా కార్యకర్త చేతినుంచి మాత్రలు అందుకుని "అన్నం తిన్నాక వేసుకుంటానమ్మా" అని అలమరలో పెట్టేస్తే, రికార్డులో ఆ ఇంట్లో అందరూ మింగినట్టే నమోదవుతుంది, దోమకు మాత్రం ఏ తేడా తెలియదు. ఎదురుగానే మింగించాలని సిబ్బందికి ఇచ్చిన ఆదేశం వెనుక కారణం ఇదే. పరగడుపున వేసుకోకూడదన్నది నిజం, అందుచేత సిబ్బందే భోజనాల వేళ దాటాక రావడం మేలు.

నా అనుభవంలో ఈ కార్యక్రమానికి అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలేది మాత్ర మింగిన మర్నాడు. కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, వికారం, కళ్ళు తిరగడం కలుగుతాయి. ముందుగా ఎవరూ చెప్పని ఊళ్ళో అటువంటివారు నలుగురు కనిపిస్తే చాలు, మందు వికటించిందన్న మాట సాయంత్రానికి పక్క ఊళ్ళకు పాకుతుంది, మరుసటి ఏడాది తలుపులు తెరుచుకోవు. జరిగేది ఏమిటంటే, రక్తంలో చచ్చిన పురుగు పిల్లల మీద శరీరం ప్రతిస్పందిస్తుంది. పురుగు పిల్లలు ఎక్కువగా ఉన్నవారికి ఈ బాధ ఎక్కువగా ఉంటుంది, లేనివారిలో చాలామందికి ఏమీ తెలియదు. అంటే జ్వరం వచ్చిన మనిషి ఒంట్లో పురుగు ఉండి ఉండవచ్చు, మందు అవసరమైనదీ అతనికే. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో అదే తగ్గిపోతుంది, పారాసిటమాల్ మాత్ర, విశ్రాంతి చాలు. తగ్గకపోతే, వాంతులు ఆగకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. ఈ మాటలన్నీ మాత్ర పంచడానికి ముందే, దాచకుండా, మైకు ముందు చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. దుష్ప్రభావాలు చెబితే జనం భయపడతారని వాదించేవారు ఉన్నారు. చెప్పినప్పుడు కలిగే సంకోచం అప్పటికప్పుడు తీర్చగలిగినది, చెప్పకపోతే పోయే నమ్మకం ఏళ్ళకు గానీ తిరిగి రాదు.

ఎవరు మింగకూడదో కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు. బీపీ, షుగరు మందులు వాడుతూ ఆరోగ్యంగా తిరుగుతున్నవారు మింగవచ్చు. సందేహం ఉంటే ఏఎన్‌ఎంను అడిగి మరీ మింగవచ్చు.

ఈ మందు పుట్టుక గురించి చెప్పకుండా నేను ఏ తెలుగు సభనూ ముగించలేను. డైఇథైల్ కార్బమజైన్ అనే ఈ మందు, హెట్రజాన్ అనే పేరుతో 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం నుంచి వెలువడింది. ఆ పరిశోధనలకు సారథి భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బోదకాళ్ళు సర్వసాధారణంగా కనిపించిన గోదావరి గడ్డ మీద పుట్టిన మనిషి నాయకత్వంలో వచ్చిన మందే నేటికీ ఈ వ్యాధి నిర్మూలనకు ఆధారం. చైనాలోనైతే ఈ మందును ఉప్పులో కలిపి జనానికి అందించారు, ఆ దేశంలో వ్యాధి తొలగిపోయిందని 2007లో ప్రకటించారు. మన దగ్గర దీనికి తోడుగా ఆల్బెండజోల్ మాత్ర చేరింది, దీన్ని నమిలి మింగాలి. 2018 చివర్లో బీహారులోని అర్వల్ జిల్లాతో మొదలుపెట్టి, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను మూడో మందుగా కలుపుతున్నారు. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఈ మందుకు మూలమైన పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఐవర్‌మెక్టిన్ మోతాదును ఎత్తును బట్టి నిర్ణయిస్తారు కాబట్టి, ఆ జిల్లాల్లో సిబ్బంది కొలబద్ద పట్టుకుని వస్తారు. మూడూ కలిస్తే రక్తంలో పురుగు పిల్లలు చాలా కాలం కనిపించవు గనుక తక్కువ ఏళ్ళలోనే ఫలితం రాబట్టవచ్చు.

ఇంతవరకూ చెప్పినది రోగం కనిపించని వారి కోసం. కాలు ఇప్పటికే వాచిపోయిన మనిషి కూడా అదే సభలో, ఎక్కువగా వెనక వరుసలో కూర్చుని ఉంటారు. ఈ మాత్రలతో తన కాలు మామూలు అవుతుందని ఆ మనిషి ఆశపడితే, నిజం చెప్పవలసిన బాధ్యత మనదే: ముదిరిన వాపును ఈ మాత్ర తగ్గించదు. అలాగని చేయగలిగింది ఏమీ లేదని ఊరుకోవడం క్రూరత్వం. కాలు నానాటికీ పెరగడానికి ముఖ్యమైన కారణం పదేపదే వచ్చే చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రబడి మంట పుట్టడం. దానికి మూలం వేళ్ళ సందుల్లో ఒరిసిన చోట, పగుళ్ళలో దూరే బ్యాక్టీరియా. దెబ్బతిన్న శోషరస నాళాలు దాన్ని ఎదుర్కోలేవు. కాబట్టి ఆ ద్వారాలు మూసివేయడమే చికిత్స. ప్రతి రాత్రీ సబ్బుతో, మామూలు నీళ్ళతో, వేళ్ళ సందులూ మడతలూ వదలకుండా కాలు కడుక్కుని, మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్ది తడి పోగొట్టి, ఒరిసిన చోట వైద్యుడు ఇచ్చిన లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద ఉంచాలి, మడమను పైకీ కిందికీ ఆడించాలి, చెప్పులు లేకుండా అడుగు బయట పెట్టకూడదు. తొట్టి, మగ్గు, సబ్బు, తువాలు, లేపనం కలిపి ప్రభుత్వం ఇచ్చే సంచి ఇందుకోసమే. దాన్ని ఇచ్చి సంతకం తీసుకుని పంపేయకుండా, ఒక్కసారి రోగి కాలు సిబ్బంది తమ చేతులతో కడిగి చూపించాలి. ఆ కాలును ఇంట్లోవాళ్ళు కూడా తాకడం మానేసి ఎన్నేళ్ళయిందో మనకు తెలియదు, అది తాకితే అంటుకునే జబ్బు కాదని నలుగురి ముందూ నిరూపించడానికి అంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. క్రమం తప్పకుండా ఇలా చేసుకున్నవారికి జ్వరాలు తగ్గుముఖం పడతాయి, తొలిదశ వాపు కొంత తగ్గడమూ చూస్తాం. పింఛను పథకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అర్హత గురించి ఏఎన్‌ఎం ద్వారా వాకబు చేయవచ్చు.

మగవారిలో ఇదే పురుగు వల్ల వరిబీజం, అంటే వృషణాల సంచిలో నీరు చేరి వాయడం, వస్తుంది. ఏళ్ళ తరబడి పంచె చాటున దాచుకుని, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ దూరమై, బరువు పనులు మానుకుని బతికే మగవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కాలి వాపులా కాకుండా దీన్ని చిన్న శస్త్రచికిత్సతో నయం చేయవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. అయితే ఈ మాట ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న సభలో చెబితే ఎవరూ నోరు విప్పరు. సభ ముగిశాక మగ ఆరోగ్య కార్యకర్త రచ్చబండ దగ్గర మగవాళ్ళతో విడిగా కూర్చుని మాట్లాడితే, ఆ వారంలోనే ఇద్దరో ముగ్గురో ఆసుపత్రికి బయలుదేరుతారు.

దోమల గురించి అందరికీ తెలిసినదే గనుక ఒక్క విషయం చెప్పి ఆపుతాను. ఈ క్యూలెక్స్ దోమ మురుగు నీటిలో పుడుతుంది, ఇంటి ముందు కాలువ కంటే సెప్టిక్ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరం. దాని గాలి గొట్టం మూతికి చిన్న వల ముక్క కట్టినా, పైమూతల పగుళ్ళు సిమెంటుతో పూడ్చినా ఎన్నో దోమలు బయటికి రాకుండా ఆగిపోతాయి.

చాలా సంవత్సరాలు మాత్రలు మింగించిన తరువాత కొన్ని ప్రాంతాల్లో పంపిణీ ఆపివేస్తారు. ఆపాలా వద్దా అన్నది తేల్చడానికి ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు బడిలోనే వేలు గుచ్చి, రక్తపు చుక్కను పరీక్ష పట్టీ మీద చూస్తారు. ఈ పరీక్ష పగలే చేయవచ్చు. ఏ జబ్బూ లేని మా పిల్లవాడి వేలు ఎందుకు గుచ్చారని తల్లిదండ్రులు బడికి వచ్చి గట్టిగా నిలదీసిన సందర్భాలు ఉన్నాయి, వారికి ముందుగా చెప్పకపోవడమే అందుకు కారణం. ఆరేడేళ్ళ పిల్లలు మందు పంపిణీ జరుగుతున్న సంవత్సరాల్లోనే పుట్టి పెరిగారు. వారి రక్తంలో పురుగు జాడ దొరికితే, పెద్దలు మాత్రలు మింగిన ఆ ఏళ్ళలోనూ దోమ ఆ ఊళ్ళో వ్యాధిని మోస్తూనే ఉందని అర్థం, అప్పుడు పంపిణీ కొనసాగించాలి. దొరికినవారి సంఖ్య నిర్ణీత హద్దు లోపలే ఉంటే పంపిణీ ఆపి, కొన్నేళ్ళకు మళ్ళీ అదే వయసు పిల్లలను పరీక్షిస్తారు. మీ ఊరి బడికి ఈ బృందం వస్తున్నట్టు తెలిస్తే, ఆ రోజు పిల్లలను బడి మాన్పించకండి.