ఒళ్ళు నొప్పుల వెనక దిగులు: బస్తీ దవాఖానాలో నర్సు పని

బస్తీ దవాఖానాకు (బస్తీలోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి) వచ్చి "నాకు దిగులుగా ఉంది" అని చెప్పేవాళ్ళు అరుదు. "ఒళ్ళంతా నొప్పులు సిస్టర్", "గుండె దడదడలాడుతోంది", "తల దిమ్ముగా ఉంది", "గ్యాస్ పైకి తంతోంది" అంటారు. పాతబస్తీ వైపైతే "ఘబ్రాహట్" (కంగారు), "బేచైనీ" (మనసు నిలవకపోవడం) అన్న మాటలు వినిపిస్తాయి. బీపీ మామూలే, ఈసీజీ మామూలే. ఒక గ్యాస్ మాత్ర, ఒక పారాసెటమాల్, బీకాంప్లెక్స్ ఇచ్చి పంపిస్తారు. పది రోజులకు అదే మనిషి అవే మాటలతో మళ్ళీ వస్తుంది. ఓపీ చీటీలో ఒకే బాధ మూడోసారి కనిపిస్తే నర్సు అక్కడ ఆగి అడగాలి. హైదరాబాద్‌లో 2018లో మొదలైన ఈ దవాఖానాల్లో ఉండేది ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. మానసిక వైద్యం కోసం విడిగా మనిషిని పెట్టరు కాబట్టి ఆ పని ఉన్న నర్సుదే.

నిద్రతో మొదలుపెట్టండి. నిద్ర గురించి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. పడుకున్నాక గంటల తరబడి ఆలోచనలు తిరుగుతూ నిద్ర పట్టకపోతే ఆందోళన ఉందేమో చూడాలి. నిద్ర పట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఆ వేళలోనే మనసు మరీ బరువుగా ఉంటే దిగులు జబ్బు (డిప్రెషన్) వైపు ఆలోచించాలి. ఇది కచ్చితమైన గీత కాదు, దారి చూపుతుందంతే. తర్వాత ఆకలి, ఇంటి పని అడిగి, అప్పుడు అసలు రెండు ప్రశ్నలకు రావాలి: గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు కుంగిపోయినట్టు ఉందా. దిగులును పట్టే ఈ చిన్న ప్రశ్నావళినే పీహెచ్‌క్యూ-2 అంటారు. రెండింటి మార్కులు కలిపి 3 లేదా ఎక్కువ వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పూర్తిగా అడగాలి. మొత్తం 27కి 5 నుంచి 9 వస్తే తేలిక, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 లేదా ఎక్కువైతే తీవ్రం.

ఈ ఫారం ఎక్కువగా తప్పేది మార్కులు వేసే దగ్గర. మనవాళ్ళు "ఉంది", "లేదు" అని చెబుతారు గానీ "కొన్ని రోజులు", "సగం కంటే ఎక్కువ రోజులు" అని చెప్పరు. అందుకే "ఈ పద్నాలుగు రోజుల్లో ఎన్ని రోజులు ఇలా ఉంది?" అని రోజుల్లోనే అడిగి మార్కు మీరే వేయండి. ఇంకో సంగతి, నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలకు రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండటం, కొత్తగా ప్రసవం కావడం కూడా మార్కులు తెచ్చిపెడతాయి. హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలకు శాంపిల్ అదే రోజు పంపమని డాక్టరును అడగండి. హీమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి ముందు దిగులు మాత్ర రాసి, రక్తం సంగతి నెల తర్వాత చూస్తే ఆ నెల వృథా.

ఒంటరిగా అడగడం ఈ పనిలో సగం. కోడలి వెంట అత్త ఉంటే, భార్య వెంట భర్త ఉంటే నిజం బయటకు రాదు. "బరువు చూడాలి, లోపలికి రామ్మా" అని ఒక్కరినే పిలవండి. వెంట వచ్చినవాళ్ళను అదే సమయానికి బీపీ బల్ల దగ్గర కూర్చోబెట్టమని సహాయకురాలికి ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో కొట్టడం, తాగుడు, అప్పులు అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే వస్తాయి.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. చాలామంది నర్సులు దీన్ని గొణిగేసి దాటేస్తారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయంతో. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట మాత్రం చాలామందిలో కనిపిస్తుంది. "బతకాలనిపించట్లేదా?" అని నెమ్మదిగా మొదలుపెట్టి, అవునంటే "చచ్చిపోవాలని అనుకున్నావా? ఎలాగో ఆలోచించావా? ఇంతకు ముందు ప్రయత్నించావా?" అని సూటిగా అడగాలి. ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే ఆ మనిషిని ఒంటరిగా బయటకు పంపకూడదు. డాక్టరుకు అప్పుడే చెప్పి, ఇంట్లో నమ్మకమైన ఒకరిని పిలిపించి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల సైకియాట్రీ విభాగానికో తోడుతో పంపాలి. ఇంట్లో మాత్రలు, ఎలుకల మందు లాంటివి ఆ రోజే తీసేయమని కుటుంబానికి చెప్పాలి. ఈ ఒక్క పని ప్రాణాలు కాపాడుతుంది, ఎందుకంటే ఆ తీవ్రమైన క్షణం తరచూ కొద్దిసేపట్లోనే గడిచిపోతుంది, ఆ సేపు చేతికి ఏమీ అందకపోతే చాలు.

పోలీసు కేసు అవుతుందని కుటుంబాలు దాచిపెడతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట ధైర్యంగా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను కాగితం మీద రాసి చేతికివ్వండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక కల్లు. హైదరాబాద్‌లో ఈ ఒక్క విషయం తెలియకపోతే నర్సు ఘోరంగా దెబ్బతింటుంది. "మందు తాగుతారా?" అంటే "లేదు" అంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో కల్లు మందు కాదు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా తాగుతారు. "కల్లు తాగుతారా? రోజుకు ఎన్ని సీసాలు? ఆఖరిసారి ఎప్పుడు?" అని విడిగా అడగాలి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగే మనిషి అలవాటు పడేది ఆ మత్తుమందులకే. ఊరెళ్ళినా, జ్వరంతో పడుకున్నా, కల్లు కాంపౌండు (కల్లు దుకాణం) మూసినా ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ మొదలవుతాయి. 2020 లాక్‌డౌన్‌లో కాంపౌండ్లు మూతపడగానే ఎర్రగడ్డకు ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది", "పిచ్చెక్కింది" అని చెప్పి తీసుకొస్తారు. నిన్నటిదాకా బాగున్న నడివయసు మనిషి హఠాత్తుగా ఇలా అయితే మొదట తాగుడు సంగతే అడగాలి.

అలా వచ్చినప్పుడు నాడి, బీపీ, జ్వరం, షుగర్ స్ట్రిప్ వెంటనే చూడాలి. ఫిట్స్ వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, టైము చూడాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఆపించండి. సారా, విస్కీ తాగే అలవాటు కూడా ఉంటే గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) 100 మిల్లీగ్రాములు ఇప్పించమని డాక్టరుకు గుర్తుచేయండి. ముందు గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కేకలు వేస్తున్నాడని హాలోపెరిడాల్ (భ్రమలు, ఉద్రేకం తగ్గించే మందు) ఒక్కటే ఇచ్చి పడుకోబెట్టడం తప్పు, అది ఫిట్స్‌ను ఆపదు సరికదా వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. డయజెపాం వర్గం మందును మోతాదు లెక్కతో ఇచ్చి, రోజులు, వారాల మీద తగ్గించాలి. అది డాక్టరు పని, 108 పిలిపించి ఆసుపత్రికి పంపడం మన పని. "కల్లు ఇవాళే మానెయ్" అని గద్దించి ఇంటికి పంపడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి లేదు.

డాక్టరు మాత్ర రాసి పంపాక రోగి మళ్ళీ మన బల్ల దగ్గరకే వస్తుంది. దిగులుకు ఫ్లుయోక్సెటిన్ 20 గానీ ఎస్సిటలోప్రాం 10 గానీ (మిల్లీగ్రాములు) రాసి ఉంటే చెప్పాల్సింది ఇది: మొదటి వారం మేలు కనిపించదు, వికారం, తలనొప్పి, కాస్త అలజడి కనిపిస్తాయి, తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైనాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వేసుకోవాలి, ఆపేటప్పుడు అడిగి మెల్లగా ఆపాలి. ఇది ముందే చెప్పకపోతే నాలుగో రోజు "మాత్ర పడలేదు" అని చెత్తలో పారేస్తారు. పాతికేళ్ళ లోపు వాళ్ళలో మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, ఇంట్లోవాళ్ళకు అది కూడా చెప్పండి. తలనొప్పికి, నిద్రకు అమిట్రిప్టిలిన్ రాస్తే, చావు ఆలోచనలున్న మనిషికి నెల సరిపడా ఒకేసారి ఇవ్వకూడదు. ఎక్కువ మింగితే గుండె లయ తప్పుతుంది. వారానికి సరిపడా ఇచ్చి, అవి కూడా ఇంట్లో వేరేవాళ్ళ దగ్గర ఉంచమనాలి.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి భ్రమలు తగ్గించే మందులు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో మెడ పక్కకు తిరిగిపోవడం, కళ్ళు పైకి పోవడం, నాలుక మందమవడం జరగవచ్చు. చూసినవాళ్ళు దయ్యం అనుకుని దర్గాకో, భూతవైద్యుడి దగ్గరకో పరుగెడతారు. అది మందు వల్లేనని, ప్రొమెథజిన్ ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుందని ముందే చెప్పి ఉంటే నేరుగా మన దగ్గరకే వస్తారు.

డిపో ఇంజెక్షన్ అంటే ఒకసారి ఇస్తే వారాల పాటు పనిచేసేది. అది ఇవ్వాల్సి వస్తే, ఫ్లుఫెనజిన్ (భ్రమలు తగ్గించే మందే) నూనెలో కలిపి ఉంటుంది. సూది, సిరంజి పూర్తిగా పొడిగా ఉండాలి, తడి తగిలితే మందు మబ్బుగా అవుతుంది. 21 గేజ్ సూదితో పిరుదు కండలో లోతుగా, మెల్లగా ఇవ్వాలి. చర్మాన్ని పక్కకు లాగి పట్టి ఇస్తే మందు వెనక్కి కారదు. ఇచ్చాక రుద్దకూడదు. తర్వాతి తేదీని చీటీ మీదా, మన రిజిస్టరులోనూ రాయాలి.

మనసు ఒకసారి మరీ ఉత్సాహంగా, ఒకసారి మరీ కుంగిపోయి ఉండే జబ్బుకు లిథియం వాడేవాళ్ళకు హైదరాబాద్ ఎండాకాలం కష్టకాలం. చెమట, విరేచనాలు, నీళ్ళు తక్కువ తాగడంతో రక్తంలో లిథియం పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పికి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అదే చేస్తాయి. చేతులు బాగా వణికినా, నడక తూలినా, వాంతులైనా తర్వాతి మోతాదు ఆపి ఆసుపత్రికి రావాలి. రక్తపరీక్షకు శాంపిల్ ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత తీయాలి, లేకపోతే అంకెకు అర్థం ఉండదు. రంజాన్ నెలకు రెండు వారాల ముందే ఉపవాసం ఉంటారా అని అడిగి, సహరీ (తెల్లవారుజాము భోజనం), ఇఫ్తార్ వేళలకు మాత్రలు ఎలా మార్చాలో డాక్టరుతో రాయించండి. లిథియం వాడేవాళ్ళు ఉపవాసం ఉండవచ్చో లేదో డాక్టరే తేల్చాలి. చెప్పకుండా వదిలేస్తే చాలామంది నెలంతా ఆపేస్తారు.

ఇక ఫోన్. మాత్రలు మొదలుపెట్టిన రోగికి మొదటి వారంలో ఒకసారి, తర్వాత రెండు వారాలకు ఒకసారి చేయాలి. రాని మనిషి గురించి ఆశా కార్యకర్తకు చెప్పాలి, అయితే వీధిలో "మెంటల్ మాత్రలు" అన్న మాట రాకుండా, బీపీ చూడటానికి వెళ్ళినట్టే వెళ్ళాలి. ఇచ్చిన నంబరు భర్తదో, కొడుకుదో అయి ఉంటుంది కాబట్టి ఫోన్ తీసినది ఎవరో తెలిసేదాకా "దవాఖానా నుంచి, చెకప్ తేదీ గుర్తుచేద్దామని" అన్నంత వరకే చెప్పాలి. ఈ నంబరుకు ఫోన్ చేయొచ్చా, ఏ వేళ మంచిది, ఎవరు తీస్తారు అన్నవి మొదటి రోజే అడిగి, చీటీలో నంబరు పక్కనే రాసుకోండి.