మ్వాంజాలో రోజుకో డాక్సీ

ఆఫ్రికాలో ఏ దేశానికి పని మీద బయల్దేరినా మనవాళ్లు మొదట అడిగేది జీతం, తర్వాత ఇండియన్ షాపు దగ్గర్లో ఉందా అని, ఆ తర్వాత మలేరియా సంగతి. దానికి జవాబుగా చాలా కంపెనీలు కొన్ని స్ట్రిప్పులు చేతిలో పెట్టి ఊరుకుంటాయి. మలేరియా రాకుండా వేసుకునే యాంటీబయోటిక్ డాక్సీసైక్లిన్, వాడుకలో డాక్సీ, వంద మిల్లీగ్రాములు, రోజుకొకటి. బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టాలి, అక్కడ ఉన్నన్నాళ్లూ వేసుకోవాలి, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంతవరకు అందరూ చెప్తారు. దాన్ని ఎలా మింగాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఇక్కడ డాక్సీని తిట్టే మనవాళ్లను చాలామందిని చూశాను, ఆ తిట్లలో చాలా మటుకు మింగే పద్ధతికి పడాల్సినవి, పాపం మందుకు పడుతున్నాయి.

నేను చేసేది టాంజానియాలో కరెంటు లైన్ల సర్వే. విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజాలో మా మకాం, టవర్ల పని గీతా, కగేరా వైపు. దేశంలో మలేరియా ఎక్కువున్న చోట్లలో ఇదొకటి, అదీ ఫాల్సిపారం రకం, వైద్యం ఆలస్యమైతే మెదడు మీదికి, కిడ్నీల మీదికి వస్తుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు, మధ్యలో కూడా సరస్సు పక్కన దోమకు లోటుండదు. కాబట్టి మాత్ర వద్దనుకునే వెసులుబాటు కొత్తగా వచ్చినవాడికి లేదు.

మా స్టోర్ కీపరు కర్నూలు కుర్రాడు. ఒకరోజు అర్ధరాత్రి దాటాక తలుపు కొట్టాడు, రొమ్ము మధ్యలో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. "అన్నా, ఇక్కడ పొడుస్తోంది, ఉమ్ము మింగినా నొప్పే" అన్నాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు వాడికి, కానీ ఈ రోజుల్లో గుండెపోటుకు వయసుతో పనేముంది, క్యాంపులో అందరికీ టెన్షన్. డ్రైవర్‌ని లేపి టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ శుభ్రంగా ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏ మాత్రలు వాడుతున్నావని అడిగింది, డాక్సీ అనగానే ఎన్ని నీళ్లతో మింగావు, మింగాక ఏం చేశావు అని అడిగింది. మనవాడు ఏం చేస్తాడు, గుక్కెడు నీళ్లతో మింగి దుప్పటి కప్పుకున్నాడు. మాత్ర ఆహారనాళంలో దారి మధ్యలో అతుక్కుని అక్కడే కరిగింది, కరిగిన డాక్సీకి ఆమ్లగుణం ఉంటుంది, అది గోడను కాల్చి పుండు చేసింది. వారం పైగా జావ, మెత్తటి అన్నం తప్ప ఏదీ దిగలేదు వాడికి. మంచినీళ్లు తాగుతూ కూడా కళ్లు మూసుకునేవాడు.

ఆవిడ చెప్పినదాన్ని అప్పటినుంచి కొత్తగా వచ్చే ప్రతివాడికీ నేను చెప్తున్నాను. ఏదైనా తిన్నాక వేసుకోవాలి, కూర్చునో నిలబడో నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, ఆ తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు. అందుకే రాత్రి కంటే పొద్దున టిఫిన్ తర్వాత మేలు. పరగడుపున వేసుకుంటే వికారం గ్యారంటీ, బస్సులో కూర్చున్నాక వాంతి ఆపుకోలేక మనిషి నానా అవస్థా పడతాడు.

టిఫిన్ తర్వాత అనగానే ఇంకో చిక్కు. పాలు, పెరుగు, క్యాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు, మంటకు మనం చాక్లెట్లలా చప్పరించే యాంటాసిడ్ బిళ్లలు, ఇవన్నీ కడుపులో డాక్సీని పట్టేసుకుని రక్తంలోకి పూర్తిగా పోనివ్వవు. పాల వల్ల తగ్గేది కొంచెమే, ఐరన్‌తోనూ యాంటాసిడ్‌తోనూ దెబ్బ గట్టిగా ఉంటుంది. మా క్యాంపులో జరిగేది చూడండి. ఆవకాయ కలిపిన అన్నం మీద మాత్ర, మాత్ర వల్ల మంట, మంటకు యాంటాసిడ్, యాంటాసిడ్ వల్ల మాత్ర దండగ. రోజూ వేసుకుంటున్నా జ్వరం ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లను ఈ లెక్క అడగాలి. రెండు మూడు గంటల ఎడం పెడితే చాలు. పెరుగన్నం మానమని ఎవరూ అనడం లేదు, మధ్యాహ్నం తినండి.

ఇక ఎండ. దీన్ని మనవాళ్లు అస్సలు లెక్కచేయరు. విజయవాడ రోహిణి కార్తెలో తిరిగినవాళ్లం, ఈ ఎండ మనల్నేం చేస్తుంది, అయినా మనం తెల్లవాళ్లమా కందిపోవడానికి అంటారు. మ్వాంజా భూమధ్యరేఖకు రెండున్నర డిగ్రీల దిగువన, సముద్రమట్టానికి 1100 మీటర్లకు పైన ఉంది. సరస్సు మీంచి గాలి చల్లగా వస్తుంటుంది కాబట్టి చెమట పట్టదు, ఎండ పనిచేస్తున్నట్టు తెలియదు. డాక్సీ ఒంట్లో ఉంటే చర్మం అతినీలలోహిత కిరణాలకు మామూలుకంటే ఎక్కువగా స్పందిస్తుంది, ఎవరి రంగు ఏదైనా. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పట్టుకుని నిలబడే మాకు ముందు కాలేది మణికట్టు కింద చేతి వెనక భాగం, తర్వాత చెవుల పైఅంచులు, మెడ వెనక. మొదట స్నానం చేస్తుంటే చురుక్కుమంటుంది, మర్నాడు ఎర్రబడి వాస్తుంది, ఆ తర్వాత నల్లగా మారి పొరలు లేస్తుంది. చేతులకు నీళ్లు తగిలితే నేను ఎగిరిపడేవాణ్ణి. మా లైన్‌మన్ ఒకాయనకు గోళ్లు చివర్న పైకి లేచి విపరీతంగా నొప్పి పుట్టింది, ఆయన ఏదో పురుగు కుట్టిందనుకుని పసుపు కట్టుకున్నాడు. అది కూడా ఈ మందూ ఎండా కలిసి చేసే పనే. పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. సాయంత్రం దోమల క్రీము కూడా రాసుకోవాలంటే ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల క్రీము. సైట్లో మగాళ్లు ముఖానికి క్రీము రాసుకుంటే నవ్వుతారని మానేసేవాళ్లున్నారు. నవ్వేవాడి చెవులు ఓసారి చూడండి, చాలు.

ఆడవాళ్ల సమస్య ఇంకా గుట్టుగా ఉండిపోతుంది. రోజూ యాంటీబయోటిక్ పడితే మేలు చేసే బ్యాక్టీరియా కూడా తగ్గిపోయి ఫంగస్‌కు చోటు దొరుకుతుంది, లోపల దురద, మంట, తెల్లబట్ట మొదలవుతాయి. భర్తతో వచ్చిన మా క్యాంపు చెల్లెమ్మ ఒకామె నెలల తరబడి నీళ్లు పడలేదనుకుని నోరెత్తలేదట, మా ఆవిడ ఫోన్లో మాట కలిపితే బయటపడింది. మందుల షాపులో దొరికే సాధారణ యాంటీఫంగల్‌తో పోయే బాధ అది. గర్భం ఉన్నా, వచ్చే ఆలోచన ఉన్నా డాక్సీ జోలికి పోకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి, గర్భిణికి మలేరియా వస్తే చాలా ప్రమాదం కాబట్టి ఊరికే మానేసి కూర్చోవడం కూడా కుదరదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నివారణ కోసం దీన్ని ఇవ్వరు.

వేరే మాత్రలు లేవా అంటే ఉన్నాయి. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిపిన మాత్ర కడుపుకు తేలిక, తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకుంటే చాలు, తమాషా ఏంటంటే దాన్ని పాలతోనో కొవ్వున్న తిండితోనో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. కానీ ఖరీదు, అందుకే కంపెనీలు డాక్సీ పంచుతాయి, ఈ మాట ఏ హెచ్‌ఆర్ నోట రాదు. మెఫ్లోక్విన్ వారానికొకటే, సుఖంగా అనిపిస్తుంది, కొందరికి పీడకలలు, తల తిరగడం, కారణం లేని భయం. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. మానసిక సమస్యలు ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. టవర్ ఎక్కేవాడికి తల తిరిగే మాత్ర ఎలా ఇస్తారు చెప్పండి.

అసలు బ్యాక్టీరియాను చంపే మందు మలేరియాకు ఎలా పనిచేస్తుందని నాకూ అనుమానం ఉండేది. ఆ పరాన్నజీవి లోపల ఎపికోప్లాస్ట్ అనే చిన్న భాగం ఉంటుంది, ఏనాటిదో నాచుజాతి జీవి నుంచి దానికి వచ్చిన వారసత్వం, దాని పనితీరు బ్యాక్టీరియాను పోలి ఉంటుంది. డాక్సీ దాన్ని దెబ్బతీస్తుంది. దాని ప్రభావం నిదానంగా, తర్వాతి తరం పరాన్నజీవుల మీద బయటపడుతుంది, అందుకే వచ్చిన జ్వరాన్ని ఇదొక్కటే తగ్గించలేదు. కాలేయంలో దాక్కున్నవి రక్తంలోకి దిగాకే ఇది పట్టుకోగలదు, తిరిగొచ్చాక నాలుగు వారాల సంగతి అదన్నమాట. ఇంకో మాట, నాది భీమవరం పక్క ఊరు కాబట్టి చెప్పకుండా ఉండలేను. డాక్సీది టెట్రాసైక్లిన్ కుటుంబం, ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ లాబొరేటరీస్ నుంచి వచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, అక్కడ పరిశోధనకు డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇవన్నీ చెప్పినా వినని బాపతు ఉంటుంది. పాడేరు నుంచి వచ్చిన ఫిట్టరొకడు "మలేరియా మాకు కొత్తా సార్, చిన్నప్పుడు ఏటా వచ్చేది" అని స్ట్రిప్పు పెట్టెలో పడేశాడు. ఇక్కడివాళ్లు ఏ మాత్రా వేసుకోవడం లేదు కదా అని ఇంకో వాదన. ఇక్కడివాళ్లకు చిన్నప్పటినుంచీ కుట్టించుకుని కుట్టించుకుని వచ్చిన కొంత తట్టుకునే శక్తి ఉంది, అది కూడా పూర్తి రక్షణ కాదు, పసిపిల్లలు పోతూనే ఉన్నారు. ఆ ప్రాంతం వదిలి కొన్నాళ్లు బయట ఉంటే ఆ శక్తి కూడా తగ్గిపోతుంది, పాడేరు మనిషికైనా అంతే. ఆ ఫిట్టరు చిన్న వానల కాలంలో మలేరియాతో మంచాన పడ్డాడు. చలి, వణుకు, కామెర్లు, సెలైన్లు. బతికి బయటపడ్డాడు, ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని నిలబడుతున్నాడు.

ఎక్కువమంది దెబ్బ తినేది మాత్రం ఇంటికెళ్లాక. ఫ్లైట్ దిగగానే మాత్రకు సెలవు. ఇంట్లో అమ్మ రోజూ మాత్ర వేసుకోవడం చూసి "నీకేం రోగం వచ్చిందిరా, మాకు చెప్పడం లేదు" అని కంగారుపడుతుంది, పెళ్లి సంబంధాలు చూస్తున్న టైమైతే మరీను. నాలుగు వారాలూ పూర్తిచేయండి. చేసినా తర్వాతి నెలల్లో జ్వరం వస్తే హైదరాబాద్‌లో డాక్టరు ముందు డెంగీ, వైరల్, టైఫాయిడ్ అనుకోవడం సహజం, ఆయన తప్పేం లేదు, మీరు ఆఫ్రికా నుంచి వచ్చిన సంగతి ఆయనకు తెలియదు. కుర్చీలో కూర్చోగానే ఆ మాట చెప్పి మలేరియా టెస్టు రాయమనండి, ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి.