సున్నాకి జోడీ ఒకటా, నాలుగా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక వరసలో నాలుగు ఇళ్లు, ఒక్కోదానికీ కింద వాటా, పై వాటా ఉన్నాయనుకోండి. ఇంటింటికీ కిందా పైనా వరసగా నంబర్లు వేస్తే 0, 1 ఒకే ఇంట్లోవి. ముందు కింద వాటాలకు 0 నుంచి 3, తర్వాత పై వాటాలకు 4 నుంచి 7 వేస్తే, 0 మీద ఉండేది 4. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఒక్కోదాంట్లో రెండేసి చొప్పున ఎనిమిది హార్డ్‌వేర్ థ్రెడ్లు (ఓఎస్‌కి విడి సీపీయూల్లా కనిపించేవి) ఉన్న ప్రాసెసర్‌దీ ఇదే సంగతి: కోర్ ఇల్లయితే, థ్రెడ్లు వాటాలు.

విండోస్ ఒకే కోర్‌లోని జంట థ్రెడ్లకు పక్కపక్క నంబర్లే ఇస్తుంది. మామూలు పీసీల మీద లైనక్స్ మాత్రం, బయోస్ (మెషీన్‌ని బూట్ చేసే ప్రోగ్రాం) ఇచ్చే ఏసీపీఐ (ఓఎస్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ప్రమాణం) పట్టికలో ఏ వరస ఉంటే దాన్నే పట్టుకుంటుంది. అన్ని కోర్ల మొదటి థ్రెడ్లు రాశాకే రెండోవి రాయమని ఏసీపీఐ ప్రమాణం చెబుతుంది. కొద్ది ప్రాసెసర్లనే వాడుకోగల ఓఎస్‌కి విడివిడి కోర్లు దక్కాలని ఆ ఏర్పాటు. అందుకే నాలుగు కోర్ల ఇంటెల్ మెషీన్లు చాలావాటిలో 0కి జోడీ 4. కానీ 12వ తరం ఐ7-12700లో సాధారణంగా 0, 1 జంట. పెద్ద కోర్లవి 0 నుంచి 15, చిన్న కోర్లవి 16 నుంచి 19.

ఋషికొండ ఆఫీసులో సర్వర్‌కి రాసిన స్క్రిప్టుని ఇంటి ల్యాప్‌టాప్‌లో నడిపితే ఇక్కడే దెబ్బ తగులుతుంది. ప్రోగ్రాం ఏ సీపీయూల మీద నడవాలో చెప్పే లైనక్స్ కమాండ్ టాస్క్‌సెట్‌కి 0-3 ఇస్తే ఒకచోట నాలుగు కోర్లొస్తాయి, ఇంకోచోట రెండే. ఎర్రర్ ఏమీ రాదు, పని నెమ్మదిస్తుందంతే; ఒకే ఇంటి రెండు వాటాలకీ ఒకటే కుళాయి ఉన్నట్టు, జంట థ్రెడ్లు కోర్ సొంత చిన్న మెమరీ అయిన ఎల్1 క్యాష్‌నీ, లెక్కలు చేసే యూనిట్లనీ పంచుకుంటాయి మరి. జంటలు పక్కపక్కనున్న మెషీన్‌లో నాలుగు కోర్లు కావాలంటే 0,2,4,6 ఇవ్వాలి. విండోస్‌ స్టార్ట్ కమాండ్‌ అఫినిటీలో (ఏ సీపీయూలు వాడాలో చెప్పే అంకెలో) అదే హెక్స్ 55.

నంబరు చూసి జోడీని ఊహించకండి. లైనక్స్ హార్డ్‌వేర్ వివరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి సీపీయూ కిందా, టోపాలజీ ఫోల్డర్లో, థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్ అనే ఫైలుంటుంది. అందులో 0,4 అనో 0-1 అనో కనిపిస్తుంది. అక్కడే ఉన్న కోర్ ఐడీని ఒంటరిగా నమ్మొద్దు: రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ చిప్‌ల) సర్వర్లో అదే ఐడీ రెండుసార్లు రావచ్చు, మధ్యలో అంకెలు ఎగిరిపోవచ్చు. ఏ చిప్పో చెప్పే ప్యాకేజ్ ఐడీతో కలిపి చదవాలి.

కోర్‌కి రెండేసి థ్రెడ్లిచ్చే ఎస్‌ఎంటీని లైనక్స్ నడుస్తుండగా ఆపితే నంబర్లు జరగవు, ఖాళీలు మిగులుతాయి. పక్కపక్క జంటల మెషీన్‌లో 0,2,4,6 ఉంటాయి. ఎన్‌ప్రాక్ (సీపీయూలెన్నో చెప్పే కమాండ్) 4 అందని 0 నుంచి 3 దాకా లూప్ తిప్పితే 1 దగ్గర టాస్క్‌సెట్ ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది. బయోస్‌లోనే ఆపి రీబూట్ చేస్తే మళ్లీ 0 నుంచి 3. స్క్రిప్టు సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఆన్‌లైన్ అనే ఫైలు (పనిచేస్తున్న సీపీయూల జాబితా) చదివి నంబర్లు తీసుకుంటే రెండు చోట్లా నడుస్తుంది.