1861 లెక్కలో దాచిన మనిషి ధర

రష్యా రైతుల చరిత్ర ఎప్పుడు చదివినా నేను ఆగిపోయేది 1861 దగ్గరే. ఆ ఏడాది రెండో అలెగ్జాండర్ చక్రవర్తి సెర్ఫులకు, అంటే దొరల సొత్తుగా వాళ్ల భూములకు కట్టుబడి బతికే రైతులకు, విముక్తి ప్రకటించాడు. మనిషిని ఉచితంగానే వదిలేస్తున్నాం, డబ్బు భూమికి మాత్రమే అన్నది చట్టం. లెక్క వేసి చూస్తే అది అబద్ధమని తేలుతుంది.

అప్పటికి రైతులందరిదీ ఒకే బతుకు కాదు. ప్రభుత్వ భూముల్లో ఉన్నవాళ్లకు నెత్తిన దొర లేడు. దొరల కింద ఉన్నవాళ్లలో, నల్లరేగడి నేలలున్న దక్షిణాదిన ఎక్కువమంది బార్షినా, అంటే దొర పొలంలో వెట్టి చేసేవాళ్లు. నేల సరిగా పండని ఉత్తరాదిన వెట్టికి బదులు ఏటా డబ్బు కట్టేవాళ్లు. దాని పేరు ఒబ్రోక్. ఆ డబ్బు కోసమే మగవాళ్లు ఊరు విడిచి వడ్రంగానికో, బండి తోలడానికో పోయేవాళ్లు. ఇవానొవో అనే ఊళ్లో షెరెమెత్యెవ్ ప్రభువుల సెర్ఫులు కొందరు ఏకంగా బట్టల ఫ్యాక్టరీలు పెట్టారు. వాళ్లలో గ్రాచెవ్ అనే ఆయన 1795లో 1,35,000 రూబుళ్లు పోసి స్వేచ్ఛ కొనుక్కున్నాడు. అంత ఆస్తిపరుడు కూడా అప్పటిదాకా చట్టం దృష్టిలో ఇంకొకరి సొత్తే!

అందరికంటే అన్యాయమైపోయింది దొరల ఇళ్లలో వంటవాళ్లు, దాదులు, బండి తోలేవాళ్లు. విముక్తి ప్రకటించాక కూడా వాళ్లచేత ఇంకో రెండేళ్లు చాకిరీ చేయించుకుని, సెంటు భూమి ఇవ్వకుండా బయటికి పంపారు. తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

ఇక భూమి దక్కినవాళ్ల సంగతి. ధర నేలను చూసి కట్టలేదు, ఒబ్రోక్‌ను చూసి కట్టారు. ఏటా 6 రూబుళ్లు కట్టే రైతు భూమి వెల 100 రూబుళ్లు. ఆ వందకు ఆరు శాతం వడ్డీ వస్తే దొర పాత ఆదాయం తగ్గదన్నమాట. కానీ ఆ 6 రూబుళ్లలో పట్నంలో వడ్రంగం చేసి తెచ్చిన కూలీ కూడా ఉంది. సరిగా పండని ఆ ఉత్తరాది నేలకు అంత వెల వచ్చింది మనిషి కష్టాన్ని కూడా కలిపి లెక్కేయబట్టే.

ఆ వందలో మామూలుగా 20 రూబుళ్లు రైతే దొరకు ఇచ్చుకోవాలి. మిగతా 80 ప్రభుత్వం దొరకు చెల్లించి, రైతు దగ్గర ఏటా 4 రూబుళ్ల 80 కోపెక్కుల (రూబులుకు వంద కోపెక్కులు) చొప్పున 49 ఏళ్లు వసూలు చేస్తుంది. అంటే 80కి 235 పైచిలుకు. ఒకరు కట్టలేకపోతే ఊరి సమష్టి, అంటే మీర్, మొత్తం పూచీ పడాలి.

1905లో రైతులు దొరల భవంతులు తగలబెట్టాక గానీ ప్రభుత్వం దిగిరాలేదు. ఆ నవంబరులో ప్రకటన చేసి, 1906కు సగం వాయిదా తగ్గించి, 1907 జనవరి 1 నుంచి బాకీ పూర్తిగా రద్దు చేసింది.